సాయంత్రం కొలత

మా నాన్న చెప్పుల కొట్లో పనిచేశాడు, యాకిమాలో,
ముప్పై ఒక్క ఏళ్ళు.
ఆయన దగ్గర ఒక ఇనప పలక ఉండేది.
మడమ ఆనించి, జారుడు పట్టీని బొటనవేలి దాకా తోసి
అంకె చదివేవాడు.
పొద్దున్నే వచ్చినవాళ్ళని మాత్రం వెనక్కి పంపేవాడు:
"సాయంత్రం రండి.
రోజంతా నిలబడ్డాక గానీ పాదం
తన అసలు సైజు ఒప్పుకోదు."

నా బల్ల మీద ఏ పలకా లేదు.
కమ్యూనిటీ కాలేజీలో సలహాలు చెప్పే గది ఇది.
కిటికీలోంచి పార్కింగు, దాని వెనక ఆపిల్ తోటలు,
మంచు కురిసే రాత్రుల్లో గాలిని కలియబెట్టే పొడుగాటి పంకాలు.
ఎదురు కుర్చీలో కూచున్నవాళ్ళు
ఎన్ని మలుపులు తిప్పినా అడిగేది ఒకటే:
ఇది నాకు సరిపోతుందా?

ఓరెన్ తల్లి అడగలేదు, తేల్చేసింది.
"ఫీజు తక్కువ, ఇల్లు దగ్గర, రెండేళ్ళు ఇక్కడే."
కుర్రాడు తలూపుతున్నాడు.
వాడి ఒళ్ళో ఫైలు, ఫైల్లో మడత పడని ఉత్తరం,
సియాటిల్ నుంచి, చదువు ఖర్చంతా మాదేనని.
ఉచితం అన్న మాటని ఆవిడ నమ్మదు.
ఉచితమని గడప దాటి వచ్చిన ప్రతిదీ
పోతూ పోతూ ఏదో ఒకటి పట్టుకుపోయిందట.
నాకు జీతమిచ్చే కాలేజీలో కూచుని
"ఇక్కడికి రాకు" అన్నాను వాడితో.
ముగ్గురం ఆ ఉత్తరాన్ని అక్షరం అక్షరం చదివాం.
గంటంబావు పట్టింది.

వెండెల్ స్కాగ్స్‌కి యాభై రెండు.
ప్యాలెట్ల ఫ్యాక్టరీ మూసేశాక వచ్చాడు.
దరఖాస్తులో విద్యార్థి నంబరు రాయాల్సిన చోట
పాత హాజరు కార్డు నంబరు రాశాడు.
భిన్నాలు మర్చిపోయానన్నాడు.
ఇరవయ్యేళ్ళు పావంగుళం తేడా రాకుండా చెక్క కోసినవాడు!
ఇప్పుడు శీతల యంత్రాల తరగతిలో మొదటి బెంచీ ఆయనదే,
మెళ్ళో తాడుకి కళ్ళజోడు.

వీళ్ళ గురించి విందుల్లో చెబుతుంటాను.
ఇట్సెల్ సంగతి ఎవరికీ చెప్పను.

ఏప్రిల్, పొద్దున తొమ్మిదిన్నర.
తడి జుట్టు, చెవి మీద పెన్సిలు,
నర్సు కావాలి, మార్కులు బావున్నాయి.
నా కాగితం మీద గళ్ళన్నీ టిక్కులతో నిండాయి.
"నిన్ను చూసే కట్టినట్టుంది ఈ కాలేజీ" అన్నాను.
ఆ మాట నాకే నచ్చి
మళ్ళీ అన్నాను.

ల్యాబు ఆరు నుంచి తొమ్మిది దాకా.
వాళ్ళ ఊరికి ఆఖరి బస్సు ఏడింటికి.
తల్లికి ప్యాకింగ్ షెడ్డులో రాత్రి షిఫ్టు,
తమ్ముడికి ఆరేళ్ళు.
నా కాగితంలో వీటికి గడి లేదు.
ఆరు వారాలు ఎవరో ఒకరి కారు.
ఏడో వారం ఎవరూ లేరు.
నేను చూసేసరికి జాబితాలో ఆ పేరు
బూడిదరంగులోకి మారింది.
ఫోన్ చేస్తే ఎంతో మర్యాదగా మాట్లాడింది.
తప్పు కాలేజీది కాదంది, మీది కాదంది.
తనదీ కాదని మాత్రం అనలేదు.

నేను పొద్దున కొలిచాను.

ఇప్పుడు గురువారాలు రాత్రి ఎనిమిదిన్నర దాకా
నా గదిలో దీపం ఉంటుంది.
కరెంటు బిల్లు గురించి డీన్ రెండుసార్లు అడిగాడు.
మార్కులు తర్వాత చూస్తాను,
ముందు ఇంటికెలా వెళ్తావని అడుగుతాను.
ఒక్కోసారి తలుపు చప్పుడైతే
తడి జుట్టు కోసం చూస్తాను, ఆమె కాదు.

మొన్న ఒకావిడ, హాప్స్ తోట నుంచి సరాసరి,
మోకాళ్ళ దాకా పచ్చటి ధూళి, పేరింకా చెప్పలేదు.
"నాలాంటిదానికి సరిపోతుందా?"
"తెలీదు" అన్నాను, ఉద్యోగంలో మొదటిసారి.
కుర్చీ ముందుకు లాగాను.
ఆవిడ కూచుంది, ఒక బూటు విప్పి
మడమ రుద్దుకుంటూ
రెండోది విప్పనా అన్నట్టు చూసింది.